ఫలితం చెప్పని సంగతులు: మీరు ఆడిన పోటీ చెస్ ఆటను మీరే విశ్లేషించుకునే పద్ధతి

ఇద్దరు ఔత్సాహిక ఆటగాళ్లు పోటీలో ఆడిన చెస్ ఆట ఎవరి గెలుపుతో ముగిసిందో ఫలితాల పట్టికలో ఉంటుంది గాని, ఆ గెలుపు ఆటలో ఎన్నిసార్లు చేతులు మారిందో అందులో ఉండదు. గ్రాండ్‌మాస్టర్ల ఆటలో ఒక్క చిన్న ఆధిక్యం చివరిదాకా నిలవవచ్చు. మన స్థాయి ఆటల్లో మాత్రం అది ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పోతూనే ఉంటుంది. ఆ మార్పులు జరిగిన చోట్లను పట్టుకుని, అక్కడ మనం ఏమి ఆలోచించామో, ఏమి ఆలోచించలేదో తేల్చుకోవడమే విశ్లేషణ. సరైన ఎత్తు ఏదో చెప్పడానికి ఇప్పుడు కంప్యూటర్ ఉంది. ఆ ఎత్తు మనకు ఎందుకు తట్టలేదన్నది మాత్రం మనమే కనిపెట్టాలి. ఓడిన ఆటను తెరిచి చూసేవారు కొందరైనా ఉంటారు. గెలిచిన ఆటను తెరిచేవారు చాలా తక్కువ. నా ఉద్దేశంలో ఎక్కువ నష్టం జరిగేది అక్కడే.

ఈ పద్ధతిని వివరించడానికి ఒక నమూనా ఆటను కూర్చాను. అందులోని ఓపెనింగ్ (ఆట ఆరంభ దశ) ఎత్తులు చిరకాలంగా తెలిసినవే, ఎండ్‌గేమ్ (ఆట చివరి దశ) స్థితి పాఠ్యగ్రంథాల స్థాయిది. ఎత్తులను చెప్పేటప్పుడు నిలువు వరుసలకు తెలుపు వైపు నుంచి ఎడమ మొదలుకొని ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్ అన్న పేర్లను, అడ్డ వరుసలకు 1 నుంచి 8 వరకు అంకెలను వాడుతున్నాను. ఏనుగు నేరుగా, శకటు ఐమూలగా నడిచే పావులు. గడి పేరు మాత్రమే ఇచ్చిన చోట కదిలినది బంటు. సంఖ్య తరువాత మూడు చుక్కలుంటే అది నలుపు ఎత్తు. బోర్డు ఒకటి ముందు పెట్టుకుని చదివితే మేలు.

మొదటి మెట్టు: విశ్లేషణకు కావలసిన సామగ్రిని ఆట జరుగుతుండగానే సమకూర్చుకోవడం

అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే నియమాల ప్రకారం క్లాసికల్ (ఎక్కువ సమయమిచ్చే) పోటీల్లో ఆటగాళ్లిద్దరూ తమ ఎత్తులనూ ప్రత్యర్థి ఎత్తులనూ స్కోర్‌షీట్‌లో రాయాలి. డ్రా కోరుతూ హక్కు చూపే సందర్భాల్లో తప్ప, ఎత్తును ఆడకముందే కాగితం మీద రాయకూడదు. ఎత్తులతో పాటు గడియారంలోని సమయాన్ని రాసుకోవడానికి అదే నియమం అనుమతిస్తుంది. ఈ వెసులుబాటును చాలామంది వాడుకోరు. ప్రతి ఎత్తు పక్కన మీకు మిగిలిన నిమిషాలను రాయండి; అంత కుదరకపోతే కనీసం నాలుగైదు ఎత్తులకొకసారి రాయండి. డ్రా ప్రతిపాదన వచ్చిన ఎత్తు పక్కన సమాన చిహ్నాన్ని కుండలీకరణాల్లో పెట్టడం నియమమే. ఇంతకు మించి మీ ఆలోచనలను స్కోర్‌షీట్‌లో రాసుకుంటే అది నోట్సు కిందికి వచ్చి, నిబంధనను మీరినట్లవుతుంది.

సమయపు అంకెలు ఎందుకంటే, ఆట ముగిశాక మన జ్ఞాపకం మనల్ని మోసం చేస్తుంది. బాగా ఆలోచించే ఆడామని నమ్మిన ఎత్తుకు అర నిమిషమైనా ఇవ్వలేదని కాగితం చూపించవచ్చు. ఎత్తుకు 30 సెకన్లు కలిసే పద్ధతి లేని ఆటల్లో, అయిదు నిమిషాల కంటే తక్కువ సమయం మిగిలినప్పుడు ఆ సమయ విభాగం ముగిసేదాకా ఎత్తులు రాయాల్సిన నిర్బంధం ఉండదు. దానివల్ల ఎక్కువ తప్పులు జరిగే చివరి భాగమే కాగితం మీద లేకుండా పోతుంది. అలాంటి ఆట ముగియగానే, బోర్డు ముందు నుంచి లేచాక వీలైనంత తొందరగా, ఆ చివరి ఎత్తులను గుర్తు చేసుకుని రాసిపెట్టుకోండి. ఆన్‌లైన్ ఆటల్లో ఈ బాధ లేదు. ఎత్తులూ గడియారమూ వాటంతటవే నమోదవుతాయి.

రెండో మెట్టు: ప్రత్యర్థితో మాట్లాడటం

ఆట అయ్యాక ప్రత్యర్థి అంగీకరిస్తే, ఇంకా ఆడుతున్నవారికి వినపడనంత దూరంగా వెళ్లి, ఆటను ఒకసారి కలిసి చూడండి. ఇక్కడ మీకు కావలసింది ఆయన తీర్పు కాదు, ఆయన భయాలు. ‘ఈ స్థితిలో మీరు దేనికి జంకారు?’ అన్న ప్రశ్నకు వచ్చే జవాబు ఏ ఇంజిన్‌లోనూ (ఎత్తులను లెక్కించే కంప్యూటర్ ప్రోగ్రామ్‌లోనూ) దొరకదు. మీరు గమనించనే గమనించని ఎత్తును ఆయన పది నిమిషాలు భయపడుతూ చూసి ఉండవచ్చు. మీరు గొప్ప బెదిరింపు అనుకున్నది ఆయన కంటికి ఆనకపోయి ఉండవచ్చు. ఒక హెచ్చరిక మాత్రం అవసరం. ఇలాంటి సంభాషణల్లో గెలిచినవారి మాటకు ఉండవలసిన దానికంటే ఎక్కువ బలం ఉంటుంది. వారు చూపించిన ప్రతి వరుసా నిజమని ఒప్పేసుకోకుండా, విన్నది విన్నట్టు రాసుకుని ఇంటికి తీసుకెళ్లండి.

మూడో మెట్టు: ఇంజిన్ ఆపి, ఆలోచనలను రాయడం

అదే రోజు, లేదా కనీసం మరునాటిలోగా, ఆటను కంప్యూటర్‌లోకి ఎక్కించండి. లైచెస్ అనే చెస్ వెబ్‌సైట్‌లోని స్టడీ అనే విభాగంలో ఉచితంగా, ఇతరులకు కనపడకుండా ఈ పని చేసుకోవచ్చు. ఇంజిన్ మీటను ఆపి ఉంచడం ఈ మొత్తం పద్ధతిలో అన్నిటికంటే ముఖ్యమైన షరతు. తెరమీద అంకె కనిపించిన మరుక్షణం, ‘నేనూ అదే అనుకున్నాను’ అని మనసు సర్దుకుంటుంది. ఆడినప్పటి అసలు ఆలోచన ఇక తిరిగి రాదు.

ఒక్కొక్క ఎత్తు కింద ఆ సమయంలో మీరు ఏమి అనుకున్నారో రాయండి. అన్నిటికీ రాయనవసరం లేదు గాని, రాసిన చోట నిజం రాయండి. ‘కేంద్రాన్ని బలపరచడానికి’ అన్నది తరచుగా తరువాత కల్పించుకున్న కారణమే అయి ఉంటుంది. ‘ఏమి చేయాలో తోచక’ అన్నదే నిజమైతే అదే రాయండి. ఈ వ్యాఖ్యలు మరొకరు చదవడానికి కావు.

నాలుగో మెట్టు: ఓపెనింగ్‌లో మీ సొంత ఆలోచన మొదలైన చోటును గుర్తించడం

నమూనా ఆట ఇలా మొదలైంది: 1. ఇ4 ఇ5 2. గుర్రం ఎఫ్3, గుర్రం సి6 3. శకటు సి4, శకటు సి5 4. తెలుపు రాజు వైపు క్యాస్లింగ్ (రాజును, ఏనుగును ఒకే ఎత్తులో కలిపి జరపడం), నలుపు గుర్రం ఎఫ్6 5. డి3 డి6 6. శకటు జి5. ఇది ఇటాలియన్ ఓపెనింగ్. ఎఫ్6లోని గుర్రాన్ని నలుపు మంత్రికి కట్టిపడేయడం (పిన్) తెలుపు ఉద్దేశం. ‘పిన్ వేస్తే మంచిదే’ అని తన వ్యాఖ్యలో రాసుకున్నాడు.

ఓపెనింగ్ విషయంలో ఔత్సాహికులు చేసే వృథా శ్రమ ఏమిటంటే, ఓడిన ప్రతి ఆట తరువాతా పదిహేను ఎత్తుల సిద్ధాంతాన్ని బట్టీ పట్టడం. అంత అవసరం లేదు. మీకు తెలిసిన దారి ఏ ఎత్తు దగ్గర ఆగిపోయిందో చూసి, ఆ ఒక్క ఎత్తుకు బదులు ఏమి ఆడతారో, ఎందుకు ఆడతారో తెలుసుకుంటే చాలు. వచ్చే ఆటలో ఇంకొక ఎత్తు కలుస్తుంది. ఓపెనింగ్ ఆటలను గణాంకాలతో చూపే ఎక్స్‌ప్లోరర్లు ఇందుకు సరిపోతాయి.

ఇక్కడ తెలుసుకోవలసిన కారణం స్పష్టమైనదే. తెలుపు రాజు అప్పటికే జి1లో స్థిరపడ్డాడు, నలుపు రాజు ఇంకా నడుమనే ఉన్నాడు. అందువల్ల నలుపు 6... హెచ్6 7. శకటు హెచ్4, జి5 8. శకటు జి3 అని తరిమినా, ముందుకు వెళ్లిన ఆ బంట్ల వెనుక అతని రాజు లేడు కాబట్టి పెద్దగా పోయేదేమీ లేదు. పైగా అవే బంట్లు తెలుపు రాజు మీదికి దండయాత్రకు బయల్దేరుతాయి. ఇదే పిన్ నలుపు క్యాస్లింగ్ చేసిన తరువాత వేసి ఉంటే లెక్క వేరుగా ఉండేది. తెలుపు ఆటగాడు నేర్చుకోవలసిన వాక్యం ఇంతే: పిన్ వేసే ముందు, దాన్ని తరిమే బంట్ల వెనుక ఎవరి రాజు ఉన్నాడో చూడాలి.

అయిదో మెట్టు: కీలక ఘట్టాలను ఎంచుకోవడం

నలభై, యాభై ఎత్తుల ఆటలో మూడో నాలుగో చోట్ల మాత్రమే లోతుగా తవ్వాలి. వాటిని ఇంజిన్ లేకుండా ఎంచుకోవడం మొదట్లో కష్టంగా ఉంటుంది గాని, కొన్ని ఆనవాళ్లు ఉన్నాయి. పావులు ఎదురెదురుగా నిలిచి కొట్టాలా వద్దా అన్న ప్రశ్న వచ్చిన చోటు. బంట్ల అమరిక ఇక వెనక్కి మారకుండా మారిపోయిన చోటు. మంత్రులు గాని చివరి ఏనుగులు గాని మార్పిడి అయిన చోటు. మీరు ఎక్కువసేపు ఆలోచించిన చోటు. వీటికి తోడు నేను ఎక్కువగా నమ్మే ఆనవాలు ఇంకొకటి ఉంది: ప్రత్యర్థి బెదిరించగానే మీరు వెంటనే జవాబు ఆడేసిన చోటు. ఎక్కువసేపు ఆలోచించిన ఎత్తులో మనకు సందేహమైనా ఉంటుంది. వెంటనే ఆడిన ఎత్తులో సందేహం కూడా ఉండదు కాబట్టి, తప్పు అక్కడ నిశ్చింతగా దాక్కుంటుంది.

నమూనా ఆటలో అలాంటి ఘట్టాలు రెండు వరుసగా వచ్చాయి. 8... హెచ్5 అని నలుపు బంటును నడిపించాడు. తెలుపుకు జి5లోని బంటు రక్షణ లేకుండా కనిపించింది. 9. గుర్రం ఆ బంటును కొట్టింది. నలుపు 9... హెచ్4 ఆడాడు. 10. గుర్రం ఎఫ్7లో బంటును కొట్టి, మంత్రి మీదా హెచ్8 ఏనుగు మీదా ఒకేసారి దాడి చేసింది. నలుపు ఆటగాడు అర నిమిషంలో 10... మంత్రి ఇ7 ఆడాడు. తెలుపు గుర్రం ఏనుగును తీసుకుంది.

ఆరో మెట్టు: ఒక ఘట్టాన్ని తవ్వడం

ముందుగా పదో ఎత్తు తరువాతి స్థితిని బోర్డు మీద పెట్టి, ఇద్దరికీ ఉన్న బలగాన్ని లెక్కించండి. తరువాత నలుపు వైపు నుంచి సాధ్యమైన ఎత్తులను ఒక క్రమంలో కాగితం మీద రాయండి: మొదట చెక్‌లు, తరువాత పావును కొట్టే ఎత్తులు, తరువాత బెదిరింపులు, చివరగా ఆత్మరక్షణ. ఈ క్రమాన్ని దాదాపు ప్రతి శిక్షకుడూ చెబుతాడు, పాటించేవారు తక్కువ. ఎఫ్7లోని గుర్రాన్ని సి4 శకటు కాపాడుతోంది కాబట్టి రాజుతో కొట్టడం కుదరదు. చెక్ ఒకటే ఉంది, సి5 శకటుతో ఎఫ్2 బంటును కొట్టడం. కొట్టే ఎత్తుల్లో హెచ్4 బంటుతో జి3 శకటును తీసుకోవడం ఉంది. మంత్రిని తప్పించడం అన్నది ఈ జాబితాలో అన్నిటికంటే చివర వస్తుంది. ఆడినప్పుడు మాత్రం నలుపు మనసులో అదొక్కటే ఉంది. మంత్రి మీద దాడి జరిగింది కాబట్టి మంత్రి కదలాలి అన్న అలవాటు మిగతా జాబితానంతా మింగేసింది.

ఇప్పుడు 10... హెచ్4 బంటు జి3ని కొట్టిందనుకుందాం. తెలుపు 11. గుర్రంతో డి8లోని మంత్రిని తీసుకుంటాడు. నలుపు 11... శకటు జి4 అంటూ తెలుపు మంత్రి మీద దాడి చేస్తాడు. 12. మంత్రి డి2కు పోతే 12... గుర్రం డి4. ఇక్కడ ఒక క్షణం ఆగి బోర్డును చూడండి. హెచ్ వరుస తెరుచుకుంది, హెచ్8లో ఏనుగు అలాగే ఉంది, జి3లో బంటు పాతుకుపోయింది, రెండు శకట్లూ తెలుపు రాజు వైపే చూస్తున్నాయి. తెలుపు 13. హెచ్3 ఆడితే 13... గుర్రం ఇ2లో చెక్, 14. రాజు హెచ్1, ఏనుగు హెచ్3లో బంటును కొట్టి చెక్, 15. జి2 బంటు ఆ ఏనుగును తీసుకుంటుంది, శకటు ఎఫ్3లో ఆట కట్టు. అందుకని ఇ2ను కాపాడుతూ 13. గుర్రం సి3 ఆడితే, 13... గుర్రం ఎఫ్3లో చెక్ ఇస్తుంది. రాజు హెచ్1కి పోతే ఏనుగు హెచ్2లో ఆట కట్టిస్తుంది. 14. జి2 బంటు ఆ గుర్రాన్ని కొడితే 14... శకటు ఎఫ్3 బంటును కొడుతుంది; ఇక జి3 బంటు హెచ్2ను కొట్టి ఆట కట్టడాన్ని తెలుపు ఆపలేడు. జి3 బంటునే హెచ్2 బంటుతో తీసేస్తే ఏనుగు హెచ్1కి వచ్చి ఆట కడుతుంది. నలుపు మంత్రి లేకుండానే ఇదంతా జరుగుతుంది. 1874లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రష్యన్ చెస్ మాస్టర్ మిఖాయిల్ చిగోరిన్ నలుపు పావులతో క్నోరెను ఓడించింది సరిగ్గా ఈ వరుసలోనే.

ఇంత పొడవైన వరుసను బోర్డు ముందు చివరిదాకా లెక్కించాలని ఎవరూ ఆశించరు. విశ్లేషణలో తేలవలసింది వేరు. నలుపు ఆటగాడు ఈ దారిని చూసి, లెక్క తేలక వదిలేశాడా? లేక జి3ని కొట్టే ఎత్తును అసలు చూడనే లేదా? మొదటిదైతే లెక్కించే సామర్థ్యం పెంచుకోవాలి. రెండోదైతే సామర్థ్యంతో పనిలేదు, చూసే క్రమాన్ని మార్చుకోవాలి. అర నిమిషంలో ఆడాడని గడియారం చెబుతోంది కాబట్టి ఇది రెండోదే.

తెలుపు వైపు నుంచి కూడా ఇదే పని చేయాలి. తొమ్మిదో ఎత్తులో అతనికి హెచ్4, హెచ్3, జి5ను కొట్టడం అనే మూడు దారులు ఉన్నాయి. అతని వ్యాఖ్య ‘ఉచితంగా బంటు, పైగా ఎఫ్7 మీద దాడి’ అని మాత్రమే ఉంది. నలుపు హెచ్4 ఆడితే జి3 శకటుకు సురక్షితమైన గడి ఒక్కటీ లేదన్న సంగతి అందులో లేదు. అంటే ఏనుగును గెలుచుకున్న ఈ ఆటగాడు కూడా ప్రత్యర్థి తదుపరి ఎత్తును చూడలేదు. ఫలితం మెచ్చుకుంది కాబట్టి అతను ఈ ఎత్తును మళ్లీ ఆడతాడు. గెలిచిన ఆటను విశ్లేషించాలని నేను పట్టుపట్టడానికి కారణం ఇదే.

ఏడో మెట్టు: నడిమి భాగాన్ని దాటడం

మూలలో హెచ్8లో ఇరుక్కున్న తెలుపు గుర్రం తరువాత పోయింది, రాజు వైపు బంట్లు ఒకదానికొకటి బలైపోయాయి, ఆట పైకి కిందికి ఊగుతూ సాగింది. ఇలాంటి పొడవైన మధ్యభాగాన్ని ఎత్తు ఎత్తుకూ తవ్వితే విసుగు పుట్టి, విశ్లేషణే మానేస్తారు. ఆరేడు ఎత్తులకొకసారి ఆగి, ఇరువైపులా అన్నిటికంటే పనికిరాకుండా పడి ఉన్న పావు ఏదో రాయండి. అదే పావు రెండు మూడుసార్లు వరుసగా వస్తే, ఆ ఆటలో మీకు ప్రణాళిక లేదని అర్థం. అంతకు మించి ఇక్కడ కాలం గడపనవసరం లేదు.

ఎనిమిదో మెట్టు: ఎండ్‌గేమ్‌ను ఖచ్చితంగా పరీక్షించడం

ఎండ్‌గేమ్‌కు ఒక సౌలభ్యం ఉంది. పావులు తగ్గేకొద్దీ అభిప్రాయాలకు చోటు తగ్గి, సత్యం మిగులుతుంది. నమూనా ఆటలో ఏనుగులు మార్పిడి అయ్యాక, 52వ ఎత్తు దగ్గర తెలుపుకు డి4లో రాజు, ఇ4లో బంటు, నలుపుకు ఇ7లో రాజు మిగిలాయి. ఎత్తు తెలుపుది.

గెలిచే ఎత్తు ఒకే ఒక్కటి ఉంది: 52. రాజు ఇ5. రాజులిద్దరూ ఒకే నిలువు వరుసలో మధ్యన ఒక్క గడి వదిలి ఎదురెదురుగా నిలబడతారు, కదలవలసిన వంతు నలుపుది అవుతుంది. దీన్నే ఆపోజిషన్ అంటారు. నలుపు రాజు డి7కు జరిగితే తెలుపు రాజు ఎఫ్6కు, నలుపు ఇ8కు పోతే తెలుపు ఇ6కు వచ్చి, నలుపు రాజు ఏ పక్కకు తప్పుకుంటే దానికి అవతలి పక్క నుంచి బంటుకు దారి చేస్తాడు. 52. రాజు డి5 ఆడితే మాత్రం నలుపు రాజు డి7కు వచ్చి ఆపోజిషన్‌ను తానే తీసుకుంటాడు, ఆట డ్రా.

ఆటలో తెలుపు ఆడింది 52. ఇ5. రాజు ముందుండి దారి చేయవలసిన చోట బంటు ముందుకు దూకింది, గెలుపు జారిపోయింది. 52... రాజు ఇ6 53. రాజు ఇ4, రాజు ఇ7 54. రాజు డి5, రాజు డి7 55. ఇ6 చెక్, రాజు ఇ7 56. రాజు ఇ5. ఇక్కడ నలుపు రాజు సూటిగా వెనక్కి, ఇ8కు, పోతే డ్రా: 57. రాజు డి6, రాజు డి8 58. ఇ7 చెక్, రాజు ఇ8 59. రాజు ఇ6, స్టేల్‌మేట్ (చెక్ లేకపోయినా ఆడడానికి ఎత్తే లేని స్థితి). కానీ నలుపు 56... రాజు డి8 ఆడాడు. 57. రాజు డి6, రాజు ఇ8 58. ఇ7, రాజు ఎఫ్7 59. రాజు డి7, బంటు మంత్రి కావడం ఖాయమై నలుపు ఓటమి ఒప్పుకున్నాడు.

తెలుపు ఆటగాడి కంటికి ఈ ఎనిమిది ఎత్తులు చక్కని ఎండ్‌గేమ్‌లా కనిపిస్తాయి. బంటు బయల్దేరింది, రాజు తోడు వెళ్లింది, గెలుపు వచ్చింది. నిజానికి గెలుపు 52వ ఎత్తులో పోయి, 56వ ఎత్తులో ప్రత్యర్థి చేతి నుంచి తిరిగి వచ్చింది. ఈ స్థితిని ఇద్దరి వైపు నుంచీ, గడియారం లేకుండా, ఆలోచన అవసరం లేనంతవరకు ఆడి చూడాలి. ఒక్క బంటున్న రాజుల ఎండ్‌గేమ్ తెలియకుండా ఏనుగులను మార్పిడి చేసుకోవడం, గమ్యం తెలియకుండా బండి ఎక్కడమే. కాబట్టి నలుపు అసలు విచారించుకోవలసిన ఎత్తు 56వది కాకపోవచ్చు. చివరి ఏనుగును మార్చుకోవడానికి ఒప్పుకునే ముందు ఈ స్థితి తనకు కనపడిందా లేదా అన్నది పెద్ద ప్రశ్న.

తొమ్మిదో మెట్టు: ఇప్పుడు ఇంజిన్‌ను తెరవడం

మీ వ్యాఖ్యలు, మీరు ఎంచుకున్న ఘట్టాలు, మీ వరుసలు అన్నీ రాసిన తరువాతే ఇంజిన్‌ను తెరవాలి. స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్ ఉచితంగా దొరుకుతుంది, మన అవసరానికి ఎన్నో రెట్లు మించిన శక్తి దానిది. అది చూపే అంకెలో 1 అంటే ఇంచుమించు ఒక బంటు విలువైన ఆధిక్యం అని చదువుకోవచ్చు. కూడిక గుర్తు తెలుపుకు, తీసివేత గుర్తు నలుపుకు అనుకూలం. అర బంటు లోపు ఊగిసలాటలను మన స్థాయిలో పట్టించుకోనవసరం లేదు. రెండు బంట్లకు మించి ఒక్కసారిగా మారిన చోట్లను మాత్రం గుర్తించి, మీ జాబితాతో పోల్చండి. మీ జాబితాలో లేకుండా ఇంజిన్ జాబితాలో ఉన్న ఘట్టం అన్నిటికంటే విలువైనది, ఎందుకంటే అక్కడ ఏదో జరిగిందని మీకు ఆటలోనూ తెలియలేదు, తరువాతా తెలియలేదు.

ఇంజిన్‌ను ‘ఉత్తమ ఎత్తు ఏది?’ అని అడగకుండా నిర్దిష్టమైన ప్రశ్నలు వేయండి. మన ఆటలో అలాంటి మంచి ప్రశ్న ఒకటుంది: చిగోరిన్ దారిలో తెలుపు 12వ ఎత్తులో మంత్రిని డి2కు కాకుండా మరోచోటికి పంపితే, లేదా మంత్రిని వదిలేసి ఇంకేదైనా చేస్తే ఏమవుతుంది? ఒక్కొక్క ఎత్తునూ మీరే ఆడి, ఇంజిన్ జవాబును చూసి, ఆ జవాబు ఎందుకు పనిచేస్తోందో మీ మాటల్లో చెప్పగలిగేదాకా ఆగండి. చెప్పలేకపోతే ఆ వరుస ఎంత గొప్పదైనా మీ ఆటకు దానివల్ల ఒరిగేదేమీ లేదు, వదిలేయండి.

బోర్డు మీద రాజులతో కలిపి ఏడు లేదా అంతకంటే తక్కువ పావులు మిగిలిన స్థితులకు ఇంజిన్ అంచనా కూడా అవసరం లేదు. ముందే పూర్తిగా లెక్కించి ఉంచిన స్థితుల భాండాగారమైన సిజిగీ టేబుల్‌బేస్‌లో వాటి ఫలితం ఖచ్చితంగా ఉంటుంది, లైచెస్‌లోనే చూడవచ్చు. 52వ ఎత్తు దగ్గర ఒక్క ఎత్తు గెలుపనీ, మిగిలినవన్నీ డ్రా అనీ అది వెంటనే చూపుతుంది.

పదో మెట్టు: తప్పుకు కారణం రాయడం

‘బ్లండర్’ (ఘోరమైన తప్పు) అన్న ముద్ర కారణం కాదు. నమూనా ఆటలోని నాలుగు ఘట్టాలను చూడండి. ఆరో ఎత్తులో తెలుపు శకటును జి5కు పంపడం తీర్పులో లోపం. పిన్ ఎప్పుడు మంచిదో, ఎప్పుడు కాదో చదివితే సరిపోతుంది. పదో ఎత్తులో నలుపు మంత్రిని జరపడం చూడకపోవడం. దీనికి పుస్తకం పనికిరాదు, రోజూ కొన్ని ఎత్తుగడల లెక్కలు చేస్తూ, చెక్‌లు, కొట్టే ఎత్తులు, బెదిరింపులు అన్న క్రమాన్ని చేతికి అలవాటు చేయాలి. 52వ ఎత్తులో తెలుపు బంటును నడపడం తెలియకపోవడం; ఒక్క సాయంత్రం కూర్చుంటే తీరిపోతుంది. 56వ ఎత్తులో నలుపు చేసినది తెలియకపోవడం వల్లనా, గడియారంలో ఒక్క నిమిషమే మిగలడం వల్లనా అన్నది అతనికి మాత్రమే తెలుసు. రెండోదైతే, ఆ సమయం ఏ ఎత్తుల మీద ఖర్చయిందో వెనక్కి వెళ్లి వెతకాలి. సాధారణంగా అది పెద్దగా తేడా లేని రెండు మంచి ఎత్తుల మధ్య తేల్చుకోలేక పోగొట్టుకున్న సమయమే అయి ఉంటుంది.

ఈ కారణాలను ఒక నోటుపుస్తకంలో ఆటకు రెండు మూడు వాక్యాలుగా రాయండి: ఎత్తు సంఖ్య, కారణం, గడియారంలోని సమయం. స్థితిని ఎత్తుకుని వేరే ఫైల్‌లో భద్రపరిచి, కొన్ని వారాల తరువాత జవాబు చూడకుండా మళ్లీ పరిష్కరించండి. సొంత ఆటల నుంచి తీసిన లెక్కలు వెబ్‌సైట్లు ఇచ్చే లెక్కల కంటే కష్టంగా అనిపిస్తాయి, ఎందుకంటే అక్కడ తప్పు చేసిన మనసే మళ్లీ అదే తప్పు వైపు లాగుతుంది. కొన్ని ఆటలు పోగయ్యాక పుస్తకాన్ని మొదటినుంచీ చదివితే, ఒకే కారణం వేర్వేరు ఓపెనింగుల్లో, వేర్వేరు ప్రత్యర్థుల మీద తిరిగి తిరిగి వస్తున్నట్టు కనిపిస్తుంది. తదుపరి పోటీకి సిద్ధమయ్యేటప్పుడు ఆ ఒక్క కారణం మీదే పని చేయండి. మిగిలినవాటిని అప్పటికి పక్కన పెట్టవచ్చు.